వసారా వేరు, ఇల్లు వేరు

మా ఆయన హిలారియన్ నోరు విప్పితే చెక్క గురించే మాట్లాడతాడు. లేకపోతే మాట్లాడడు. పెళ్ళయిన కొత్తలో నేను దాన్ని గాంభీర్యం అనుకున్నాను. ఏడాది తిరక్కముందే తెలిసిపోయింది, అది గాంభీర్యమూ కాదు, గాడిదగుడ్డూ కాదు. ఆ మనిషికి చెప్పడానికి వేరే సంగతేమీ లేదు, అంతే. ముప్పై ఏడేళ్ళు కాపురం చేశాను కాబట్టి ఈ మాట అనే హక్కు నాకుంది. ఇంకెవరైనా అంటే మాత్రం ఊరుకోను.

డేవిడ్ తుఫాను వచ్చిన ఏడు ఆయనకు పదిహేడేళ్ళు. మా ఊరు బెల్ రవీన్‌లోనే కాదు, డొమినికా దీవి మొత్తం మీద కప్పున్న ఇల్లు వెతికినా దొరకని రోజులవి. సుత్తి పట్టుకోగలిగిన ప్రతివాడూ వడ్రంగే అయ్యాడు. ఈయన మేనమామ సిల్వెస్టర్ పడవలు కట్టేవాడు. ఆయన పడవలు మానేసి ఇళ్ళు కడుతుంటే, ఈయన వెనకాలే మేకులు అందిస్తూ పని నేర్చుకున్నాడు. పెద్దాయన పోయాక సొంతంగా కప్పులు వెయ్యడం మొదలుపెట్టాడు. మా ఊళ్ళోనూ, లోయ అవతలి ఊళ్ళోనూ కలిపి నలభై ఒక్క ఇళ్ళకు వేశాడు.

ఆయన వేసిన కప్పును దూరం నుంచే గుర్తుపట్టేవాళ్ళు. నడికొప్పు నుంచి జారిన వాసం గోడ దగ్గర ఆగేది కాదు. ముందున్న వసారా మీదుగా ఒకే వాలుగా, ఎక్కడా అతుకు కనబడకుండా చివరిదాకా వచ్చేది. పైన ఎర్రరంగు రేకులు. ఆ వసారాల్లో కూర్చుంటే రోడ్డు మీద ఎవరు వెళ్ళినా పలకరించవచ్చు. మా ఊళ్ళో ఇంటిని ఇంటి కోసం కట్టుకోరు, వసారా కోసం కట్టుకుంటారు. "హిలారియన్ వసారా" అని పేరే పడిపోయింది. నేనూ ఆ పేరు విని మురిసినదాన్నే, దాచుకోవడం ఎందుకు.

మారియా తుఫాను వెళ్ళిన మర్నాడు పొద్దున చూస్తే ఆ నలభై ఒకటిలో మూడు కప్పులు మిగిలాయి. మాదీ పోయింది. ఊళ్ళో అందరూ రేకుల కోసం లోయలో వెతుకుతుంటే, మా ఆయన విరిగిన వాసాల కోసం వెతికాడు. తొమ్మిది రోజులు అదే పని. ఒక్కో వాసం తిరగేసి, చివరలు తడిమి చూసి, మళ్ళీ అక్కడే పడేసి వచ్చేవాడు. పిచ్చెక్కిందేమోనని భయపడ్డాను. పదో రోజున నాతో ఒక్క మాట అన్నాడు.

"మిగిలిన మూడిళ్ళూ ఎవరివో చూశావా? వసారా కట్టుకునే స్తోమత లేనివాళ్ళవి."

నాకప్పుడు అర్థం కాలేదు. అర్థం చేసుకునే స్థితిలోనూ లేను. మా ఎదురింటి తియోఫిల్ పెదనాన్న ఆ తుఫానులోనే పోయాడు. కప్పు లేచిపోయాక పక్కగోడ కూలి ఆయన మీద పడింది. ఆయన భార్య విటలీ పెద్దమ్మ బల్ల కింద దూరి బతికింది. ఆవిడకు పిల్లల్లేరు. మా ఇంటి మీద టార్పాలిన్ కప్పుకున్న రోజే ఆవిణ్ణి తెచ్చి మా వెనకగదిలో పెట్టుకున్నాం. ఇరవై నెలలు మాతోనే ఉంది. నేను వండింది తిని, ఉప్పెక్కువైందని రోజూ చెప్పింది. మా అమ్మ పోయాక నన్ను అలా సాధించినవాళ్ళు లేరు, ఆ ముచ్చటా తీరింది.

ఆ తర్వాత ఏడాది ప్రభుత్వం కొత్త నిబంధనల పుస్తకం తెచ్చింది. ఇక మీదట ఏ ఇల్లయినా దాని ప్రకారమే కట్టాలి. ప్రతి ఊళ్ళో ఒకరు చదువుకుని, పరీక్ష రాసి, కట్టినవాటిని చూసి సంతకం పెట్టాలి. ఆ కాగితం లేకపోతే కరెంటు తీగ ఇవ్వరు. మా ఊరి నుంచి యాభై ఆరేళ్ళ మా ఆయన బయలుదేరాడు. మా రాజధాని రోజో పట్నంలో మీసాలు మొలవని కుర్రాళ్ళ మధ్య కూర్చుని, కళ్ళద్దాలు పెట్టుకుని పాఠాలు విన్నాడు. మొదటిసారి తప్పాడు. ప్రశ్నకు జవాబు రాయమంటే బొమ్మ వేసి వచ్చాడట. రెండోసారి నేను పక్కన కూర్చుని బట్టీ పట్టించాను. ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాను, ప్రతి వాసానికీ గోడ దగ్గర ఒక ఇనప పట్టీ ఉండాలి, రేకుకి మేకు కాదు, స్క్రూ వెయ్యాలి.

ఊళ్ళోవాళ్ళు ఆయనకు "పుస్తకం మేస్త్రి" అని పేరు పెట్టారు. ముఖం మీదే అనేవాళ్ళు. ఆయన నవ్వేవాడు కూడాను.

విటలీ పెద్దమ్మ ఇల్లు మళ్ళీ కట్టే పని ఆయన తన మీదే వేసుకున్నాడు. సాయానికి ఎవరినీ పిలవలేదు. గోడలు లేపి, పైన కాంక్రీటు బెల్టు పోసి, వాసాలన్నీ సిద్ధం చేసి, పట్టీలు బిగించి పెట్టుకున్నాడు. కానీ నత్త నడక. ఒక్కో స్క్రూ బిగించి, దిగి వచ్చి, దూరంగా నిలబడి చూసి, మళ్ళీ ఎక్కడం. ఏప్రిల్ పోయింది, మే నెల సగం అయింది. జూన్ ఒకటి నుంచి మాకు తుఫానుల కాలం. అప్పుడే ఆయన కుడికంటికి శుక్లం ముదిరి, ఆపరేషన్‌కి నాలుగు రోజులు రోజో పట్నం వెళ్ళాల్సి వచ్చింది.

ఆయన వ్యాను ఎక్కాడో లేదో, కాజిమీర్ మా గుమ్మంలో నిలబడ్డాడు. కాజిమీర్ అంటే మా ఊరి పెద్ద గొంతు. పెళ్ళికి, చావుకి, పడవ లాగడానికి జనాన్ని పోగుచేసేది అతనే.

"మావిస్ వదినా, మీ పుస్తకం మేస్త్రి ఎన్నాళ్ళకొస్తాడు?"

"నాలుగు రోజులు. ఏం, నీకేం పని ఆయనతో?"

"దేవుడు నాలుగు రోజుల్లో నేల, చెట్లు, సూర్యుడు, చంద్రుడు అన్నీ చేసేశాడు. మేం ఇంతమందిమి ఒక్క కప్పు వెయ్యలేమా? వాసాలున్నాయి, రేకులున్నాయి. కుద్‌మెన్ పెడదాం."

ఒకరి ఇంటికి ఊరంతా వచ్చి చెయ్యి వెయ్యడాన్ని మేం కుద్‌మెన్ అంటాం. కూలీ ఉండదు. ఇంటివాళ్ళు పెద్ద కుండతో వండి పెట్టాలి, అందరూ ఆ కుండలోదే తినాలి. అలా ఊరి చెయ్యి పడ్డ పనిని ఏడాది తిరిగేదాకా ఎవరూ కదపకూడదు. అది మా తాతల నాటి నియమం, దానికి పుస్తకం లేదు.

"ఆయన లేకుండానా?" అన్నాను.

"లేకుండానే. వచ్చి చూసి సంతోషంతో ఏడుస్తాడు. ఎన్నాళ్ళని ఒక్కడే చస్తాడు చెప్పు?"

ఎంతమందికి వండాలి అని అడిగాను. నేను చేసిన తప్పు అక్కడే ఉంది. ముందు ఆయనకు ఫోను చెయ్యాల్సింది.

మూడు రోజులు ఊరంతా విటలీ పెద్దమ్మ ఇంటి దగ్గరే ఉంది. నిజం చెప్పాలంటే తుఫాను తర్వాత మా ఊరు అంతలా నవ్వడం అప్పుడే విన్నాను. పని బాగానే చేశారు. పట్టీలు వదల్లేదు, స్క్రూలు వదల్లేదు. చివర్న మాత్రం తమ ప్రేమ కొద్దీ ఒకటి చేశారు. మా ఆయన వాసాలన్నీ గోడ దగ్గరికి సరిపోయేలా కోసి పెట్టుకున్నాడు. వీళ్ళు వాటిని పక్కన పెట్టి, పొడుగు వాసాలు సంపాదించి, పాతింట్లో ఉన్నట్టే వసారా మీదుగా ఒకే వాలుగా దించేశారు. తియోఫిల్ పెదనాన్నతో కలిసి ఆవిడ ముప్పై ఏళ్ళు కూర్చున్న వసారా అది. దాన్ని చూసి విటలీ పెద్దమ్మ స్తంభం పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. ఆవిడ ఆ సాయంత్రమే మంచం తెచ్చి లోపల వేసుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం మా ఆయన వ్యాను దిగాడు. కంటికి తెల్లటి కట్టు. కాజిమీర్ శంఖం ఊదాడు. ఎవరో డప్పు కొట్టారు. నేను సీమపనస ముక్కలు, ఉప్పుచేప పెట్టిన పళ్ళెం ఆయన చేతికిచ్చాను. ఆయన పళ్ళెం పట్టుకుని ఇంటి వైపు చూశాడు. కట్టు లేని కన్ను నడికొప్పు నుంచి కిందికి జారి, గోడ దాటి, వసారా చివరిదాకా వచ్చి ఆగింది. ముఖంలో రక్తం లేదు. ఆపరేషన్ నీరసం అనుకున్నాను.

పళ్ళెం తీసుకెళ్ళి పిట్టగోడ మీద పెట్టాడు. ఒక్క ముక్క కూడా నోట్లో వేసుకోలేదు.

"వాసాలు కోసెయ్యాలి," అన్నాడు.

డప్పు ఆగిపోయింది. కాజిమీరే ముందు తేరుకున్నాడు. "ఏంటన్నా, మత్తు దిగలేదా?"

"గోడ దగ్గరికి కోసెయ్యాలి. వసారాకి వేరే కప్పు వెయ్యాలి. ఇలా ఉంటే నేను సంతకం పెట్టను."

"తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాను గానీ, తినకుండానే లెక్కపెట్టేవాణ్ణి ఇప్పుడే చూస్తున్నా," అన్నాడు కాజిమీర్. ఎవరూ నవ్వలేదు. కుద్‌మెన్ కుండలో తినకపోవడమంటే వచ్చినవాళ్ళందరి చెంపా పగలగొట్టినట్టే.

విటలీ పెద్దమ్మ తన కుర్చీలోంచి అడిగింది, "ఏరా, ఏమంటున్నావు?"

"ఏం లేదు పెద్దమ్మా," అని అబద్ధం చెప్పి ఇంటికి నడిచాడు.

మర్నాడు పొద్దున కోకో కాచి ముందు పెట్టి, నా నోటికి పని చెప్పాను. "ఊరందరిదీ ఒక దారైతే ఉలిపికట్టెది ఇంకో దారి. నీ కోసం మూడు రోజులు చచ్చీచెడీ చేశారయ్యా వాళ్ళు. నోరు మంచిదైతే ఊరు మంచిది. కాస్త మెల్లగా చెప్పలేవూ?"

"మెల్లగా చెబితే గాలి మెల్లగా వస్తుందా?"

"పట్టీలన్నీ వేశారుగా."

ఆయన బల్ల మీద తన టోపీ బోర్లా పెట్టి, అంచు కింద వేలు పెట్టి ఎత్తాడు. టోపీ లేచింది. "వసారాకి మూడు వైపులా గోడ లేదు. గాలి కిందనుంచి దూరి ఎత్తుతుంది. వసారా లేస్తే దానితో కలిసున్న ఇంటి కప్పూ లేస్తుంది. విడిగా ఉంటే వసారా ఒక్కటే పోతుంది. లోపలున్న మనిషి బతుకుతుంది."

"ఈ మాటే వాళ్ళకి చెప్పు. పుస్తకంలో ఉందని చెప్పు."

"పుస్తకం మాట వాళ్ళు వినరు. వినే మాట ఇంకోటుంది. అది చెప్పాలంటే పెద్దమ్మ ఎదుటే చెప్పాలి." టోపీ తీసి పెట్టుకుని బయటికి నడిచాడు.

పది రోజులు గడిచాయి. ఆయన దుకాణంలోకి వెళితే మాటలు ఆగిపోయేవి. కరెంటువాళ్ళు వచ్చి, కాగితం లేదని తెలిసి, తీగ చుట్టుకుని వెళ్ళిపోయారు. విటలీ పెద్దమ్మ పంతం పట్టి లాంతరు పెట్టుకుని ఆ ఇంట్లోనే ఉంది. నేను గిన్నెలో ఏదైనా పట్టుకెళితే, "నీ మొగుడికి నా ఇంటి మీద ఎందుకే ఇంత కక్ష?" అనేది. గిన్నె అక్కడ పెట్టి వచ్చేసేదాన్ని. జూన్ వచ్చేసింది. రేడియోలో తుఫాను పేర్ల జాబితా చదవడం మొదలుపెట్టారు.

ఆ ఆదివారం చర్చిలో పూజ అయ్యాక, అలవాటు ప్రకారం సగం ఊరు విటలీ పెద్దమ్మ వసారాలో చేరింది. మా ఆయన భుజాన నిచ్చెన, చేతిలో రంపం పట్టుకుని వచ్చాడు. నేను వెనకాలే పరిగెత్తాను. నిచ్చెన గోడకి ఆనించాడు. పట్టుకోవడానికి ఒక్కరూ కదల్లేదు.

"ఊరి చెయ్యి మీద రంపం పెడతావా?" అన్నాడు కాజిమీర్. ఈసారి గొంతులో వేళాకోళం లేదు.

"నేను లేవను," అంది విటలీ పెద్దమ్మ. "నన్ను కూడా కోసెయ్."

మా ఆయన నిచ్చెన మెట్టు మీద నుంచి కాలు దించాడు. టోపీ తీశాడు.

"పెద్దమ్మా, తియోఫిల్ పెదనాన్నని చంపింది గాలి కాదు. నేను వేసిన కప్పు."

ఎవరో "ఊరుకో హిలారియన్," అన్నారు. ఆయన ఊరుకోలేదు. ముప్పై ఏడేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒకేసారి మాట్లాడడం నేనెప్పుడూ వినలేదు.

"లోయలో మీ వాసాలు దొరికాయి. గోడ దగ్గర ఊడలేదు. వసారా అంచు దగ్గర ముందు లేచి, మిగతాదాన్ని పీక్కుపోయాయి. కప్పు పోయాకే గోడ కూలింది. నేనే కట్టాను అలా. మన ఊళ్ళో అన్నీ అలాగే కట్టాను."

"నీకేం తెలుసప్పుడు," అంది ఆవిడ. "ఎవరికి తెలుసు."

"తెలుసు. మామయ్య మొదటి రోజే చెప్పాడు, వసారా ఇంటితో కలపకురా అని. ఆయన కట్టినవన్నీ విడిగానే ఉండేవి."

విటలీ పెద్దమ్మ కుర్చీలో ముందుకు వంగింది. "తెలిసీ కట్టావా?"

"తెలిసీ కట్టాను."

"ఎందుకు?"

"అందంగా ఉంటుందని. పెదనాన్న అడిగాడు. కాదంటే నాకు చేతకాదనుకుంటారని."

ఆ వసారాలను చూసి మురిసిన నా ముఖం నాకే గుర్తొచ్చింది. నాకు కూడా చెప్పకుండా ఇరవై నెలలు ఈ మనిషి దీన్ని ఎలా మోశాడో అనిపించింది. జాలి వేసింది, ఒళ్ళూ మండింది.

విటలీ పెద్దమ్మ లేచింది. "ఇరవై నెలలు నా ఎదురుగా కూర్చుని తిన్నావు. రోజూ," అంది. అరవలేదు. తన కుర్చీ తనే ఎత్తుకుని లోపలికి వెళ్ళి తలుపు వేసుకుంది. కాసేపటికి లోపలి నుంచి గొంతు వినబడింది.

"కోసుకో."

ఆయన నిచ్చెన ఎక్కాడు. మొదటి వాసం సగం తెగేసరికి కాజిమీర్ వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. గొణుక్కుంటూ, తిట్టుకుంటూ పట్టుకున్నాడు గానీ వదల్లేదు. ఆ తర్వాత ఇంకో ఇద్దరు రేకులు అందుకున్నారు. పదకొండు వాసాలు. సాయంత్రానికి అన్నీ గోడ దగ్గరికి తెగాయి. ఆ వారమంతా కూర్చుని వసారాకి విడిగా, కాస్త కిందుగా, తేలికపాటి కప్పు వేశాడు. చూడ్డానికి ఏమంత బాగా లేదు, అతుకు వేసిన చొక్కాలా ఉంది. సంతకం పెట్టాడు. కరెంటు వచ్చింది.

విటలీ పెద్దమ్మ మాత్రం ఆయనతో మాట్లాడడం మానేసింది. నాతో మాట్లాడేది, నా వంటకి వంకలు పెట్టేది. ఆయన రోడ్డు మీద కనబడితే ముఖం తిప్పుకునేది. అలా అని ఆవిణ్ణి నేను తప్పు పట్టలేను. నా మొగుడు పోయి ఉంటే నేనైతే ఆ రంపం లాక్కుని ఉండేదాన్ని.

ఆయన చిక్కిపోయాడు. అయినా పని ఆపలేదు. ఊళ్ళో ఎవరు కప్పు వేస్తున్నా వెళ్ళేవాడు. పుస్తకం తెరిచేవాడు కాదు. ముందు తియోఫిల్ పెదనాన్న సంగతి చెప్పేవాడు, తెలిసీ కట్టానని చెప్పేవాడు, ఆ తర్వాతే కొలబద్ద తీసేవాడు. విన్నాక ఆయన చెప్పినట్టే చేసేవాళ్ళు. ఎవరూ ఎదురు చెప్పలేదు. లోయ అవతలి ఊరివాళ్ళు కూడా తమ వాసాలు తామే కోసుకున్నారు. "అలా ప్రతి ఇంటికీ వెళ్ళి నీ పరువు నువ్వే తీసుకోవాలా?" అని ఒకసారి అడిగాను. "అదొక్కటే పనిచేస్తోంది," అన్నాడు.

సెప్టెంబరు ఆఖర్లో ఒక మధ్యాహ్నం గాలి వచ్చింది. పేరు పెట్టేంత తుఫాను కూడా కాదది. కానీ లోయలోంచి తిన్నగా పైకి కొట్టింది. మేం కిటికీ తలుపులు బిగించుకుని కూర్చున్నాం. ఆయన మాత్రం సందులోంచి ఎదురింటినే చూస్తూ నిలబడ్డాడు. నేనూ పక్కకి వెళ్ళి చూశాను. విటలీ పెద్దమ్మ వసారా కప్పు ఒక మూల లేచింది, మళ్ళీ పడింది, మళ్ళీ లేచింది. ఆ తర్వాత మొత్తం ఒక్క ముక్కగా ఊడి, రేకులతో సహా లోయలోకి ఎగిరిపోయింది.

ఇంటి కప్పు కదల్లేదు. గాలి ఇంకో గంట కొట్టింది. అది కదల్లేదు. మా ఆయన కిటికీ దగ్గరే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నేను ఆయన తల నిమురుతూ కూర్చున్నాను.

మర్నాడు పొద్దున వాకిట్లో విరిగిన కొమ్మలు తీస్తుంటే, విటలీ పెద్దమ్మ రోడ్డు దాటి వచ్చింది. బురదలో చెప్పులు ఒక చేత్తో పట్టుకుంది. మా గేటు దగ్గరే ఆగింది, లోపలికి రాలేదు. నన్ను చూడలేదు. నాలుగు నెలల తర్వాత మొదటిసారి సూటిగా ఆయన ముఖంలోకి చూసింది.

"హిలారియన్, నా వసారా పోయింది."

"చూశాను పెద్దమ్మా," అన్నాడు.

ఆవిడ వెనక్కి తిరిగి తన ఇంటి కప్పు వైపు కాసేపు చూసింది. మళ్ళీ ఇటు తిరిగింది.

"వచ్చి మళ్ళీ కట్టు," అంది. "విడిగానే కట్టు."